టికెట్టు కొన్నాక టోపీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

వీధి కళాకారుల జీవితం మీద కొత్తగా వచ్చిన సంగీత నాటకం గురించి మీ లేఖల శీర్షికలో కొద్ది వారాలుగా సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. ఆ నాటకాన్ని నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ప్రారంభ ప్రదర్శనలో ముందు వరుసల్లో కూర్చున్నాను, రెండోసారి పది రోజుల తర్వాత చిట్టచివరి వరుసలో. ఇంతవరకు అచ్చయిన లేఖలన్నీ రంగస్థలం మీద జరిగిన దాన్నే తూచాయి. పాటలు బాగున్నాయని కొందరు, పేదరికాన్ని రంగు దీపాల్లో ముంచి తీశారని మరికొందరు, నటీనటులు చక్కగా శిక్షణ పొందారని ఇంకొందరు రాశారు. ప్రేక్షకులు కూర్చున్న వైపు ఏం జరిగిందో మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు. నాకు ఆ నాటకంలో అన్నిటికంటే ముఖ్యమైన సంఘటన అక్కడే జరిగిందనిపించింది.

చూడనివారి కోసం ఆ ఘట్టాన్ని కొంత వివరంగా చెబుతాను. తాడు మీద నడిచే ఒక స్త్రీ, డోలు వాయించే ఆమె తమ్ముడు, చూపు మందగిస్తున్న ఒక ముసలి గారడీవాడు, ఈ ముగ్గురి చుట్టూ కథ తిరుగుతుంది. మొదటి అంకం చివర ఆమె తాడు ఎక్కి, సగం దూరం నడిచి ఆగిపోతుంది. వాద్యబృందం కూడా ఆగిపోతుంది. తమ్ముడు డోలు దించి, డబ్బులు వేయమని టోపీ పట్టుకుని, రంగస్థలం దిగి కుర్చీల మధ్యకు వస్తాడు. ఆ టోపీ హాలంతా తిరిగి వచ్చేదాకా ఆమె తాడు మీద అలాగే నిలబడి ఉంటుంది. రెండోసారి గడియారం చూసుకున్నాను, నాలుగు నిమిషాలు దాటింది.

ప్రారంభ ప్రదర్శన రోజున వచ్చినవారిలో చాలామంది ఆహ్వానితులు, నటుల స్నేహితులు, బంధువులు. టోపీని చూడగానే నవ్వులు, కేకలు, ఫోన్లతో ఫొటోలు. నోట్లు టోపీలో పట్టలేదు. పది రోజుల తర్వాత అదే టోపీ అపరిచితుల మధ్యకు వచ్చింది. నా ముందు వరుసలో ఒకాయన అకస్మాత్తుగా నాటక పరిచయ పత్రం చదవడం మొదలుపెట్టారు. ఇంకొకావిడ టోపీ దాటి వెళ్లేదాకా చేతిసంచిలో ఏదో వెతుకుతూనే ఉన్నారు. ఎవరో వెనక నుంచి, టికెట్టు కొన్నాక మళ్లీ టోపీ కూడానా అన్నారు. మన భాషలో టోపీకి ఉన్న రెండో అర్థం అందరికీ తెలుసు కాబట్టి హాలు ఘొల్లుమంది. ఆ నవ్వుతో ఇవ్వనివారందరికీ ఊపిరి ఆడినట్టయింది. నా సంగతీ దాచుకోను. జేబులో డబ్బులుండి కూడా, పక్కవాళ్లు ఎంత వేస్తున్నారో చూసేదాకా నా చెయ్యి కదలలేదు.

ఈ శీర్షికలోనే ఒక పాఠకుడు ఈ ఘట్టాన్ని కథకు అడ్డం వచ్చే సాగదీతగా కొట్టిపారేశారు. వీధి ప్రదర్శన నడిచే తీరు తెలిస్తే ఆ మాట అనరని నా నమ్మకం. వీధిలో ఆడేవాడికి గోడలు, తలుపులు, కుర్చీలు ఉండవు కాబట్టి ముందుగా అతను ప్రేక్షకులనే కట్టుకోవాలి. నేల మీద ఒక గీత గీస్తాడు, లేదా తాడు పరుస్తాడు. ఆగిన మొదటి నలుగురిని ఆ గీత దాకా రప్పిస్తాడు, ఎందుకంటే దూరంగా నిలబడినవాడు ఏ క్షణమైనా జారుకుంటాడు, ముందుకు వచ్చినవాడికి వెనక మరో వరుస చేరుతుంది కనుక కదలడం కష్టం. చప్పట్లు కొట్టమని అడగడం కూడా పొగడ్త కోసం కాదు. ఆ చప్పుడు విని వీధి మలుపులో ఉన్నవాళ్లు అటు తిరగాలి. అసలైన విద్యను చూపిస్తాను, చూపిస్తాను అంటూ చివరిదాకా దాచిపెట్టి, దానికి ఒక్క అడుగు ముందు టోపీ సంగతి చెబుతాడు. ఆట ముగిశాక చెబితే గుంపు విడిపోవడానికి రెప్పపాటు చాలు. అందుకే ఆమె తాడు మధ్యలో ఆగింది. దర్శకుడు ఉత్కంఠ కోసం కల్పించిన విరామంగా మనం చూస్తున్నది నిజానికి వాళ్ల జీతం లెక్క.

హాల్లో ఈ క్రమం మొత్తం తలకిందులవుతుంది. డబ్బు ముందే చెల్లించేశాం, వరుస మధ్యలోంచి లేచి వెళ్లాలంటే పదిమంది మోకాళ్లు దాటాలి, దీపాలు ఆరిపోయాయి, తలుపులు మూసేశారు. ఇక చప్పట్లు ఎప్పుడు కొట్టాలో కూడా మనకు వదిలిపెట్టరు. సంగీత నాటకాల్లో పాట చివర వాద్యాలన్నీ కలిసి ఒక్క దెబ్బతో తెగేలా స్వరపరచడం పాత ఒడుపే, ఆ దెబ్బ పడగానే చేతులు వాటంతటవే కలుస్తాయి. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్ ఒపేరా నాటకశాలలో ఇంకో మెట్టు ఎక్కి, డబ్బిచ్చి చప్పట్లు కొట్టించుకునే ముఠాలనే నడిపారు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ కన్నీళ్లు తుడుచుకోవాలో, ఎప్పుడు మరోసారి పాడమని అరవాలో తెలిసిన మనుషులు వేర్వేరుగా ఉండేవారు, వాళ్లందరి మీదా ఒక నాయకుడు. ప్రారంభ ప్రదర్శన నాడు ముందు వరుసల్లో వినిపించిన ఈలలు నాకు వాళ్లను గుర్తు చేశాయంటే ఆ స్నేహితులు నొచ్చుకోవద్దు. చివర్లో హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది అని మీ పత్రిక సమీక్షకులు విజయానికి రుజువుగా రాశారు. ముందు వరుస లేచి నిలబడితే వెనకవాళ్లకు రంగస్థలం కనిపించదు, కనుక వాళ్లూ లేస్తారు. చివరి వరుసలో నేను లేచింది అందుకే.

ప్రేక్షకుడికి వెళ్లిపోయే హక్కు ఉన్నప్పుడు ఏమవుతుందో చూపించే పరీక్ష ఒకటి ఇదివరకే జరిగింది. 2007 జనవరి 12 ఉదయం వాషింగ్టన్‌లోని ఒక మెట్రో స్టేషన్ ద్వారం దగ్గర ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ మామూలు దుస్తుల్లో, తల మీద టోపీతో నిలబడి 43 నిమిషాలు వాయించారు. చేతిలో ఉన్నది 1713లో తయారైన, ఎంతో అపురూపమైన స్ట్రాడివేరియస్ వయొలిన్. అంతకు మూడు రోజుల ముందే బోస్టన్‌లో ఆయన కచేరీకి హాలు నిండిపోయింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఏర్పాటు చేసిన ఆ పరీక్షలో 1,097 మంది ఆయన ముందు నుంచి నడిచి వెళ్లారు, కనీసం ఒక్క నిమిషం ఆగి విన్నవాళ్లు ఏడుగురు. ఆయనను గుర్తుపట్టిన ఒకావిడ వేసిన 20 డాలర్లు పక్కన పెడితే, పోగైంది 32 డాలర్ల 17 సెంట్లు. ఈ కథను చెప్పేవాళ్లు సాధారణంగా జనానికి సంగీతం తెలియదని తేల్చేస్తారు. నాకు అది తొందరపాటుగా కనిపిస్తుంది. వాళ్లు ఆఫీసులకు వెళుతున్న మనుషులు, వాళ్లను ఆపడం ఒక ప్రత్యేకమైన విద్య, బోస్టన్ హాల్లో ఆయనకు దాని అవసరం ఎన్నడూ రాలేదు. ఆగకుండా సాగే దారి పక్కన, ఎవరినీ పలకరించకుండా, గీత గీయకుండా వాయించారు. మన నాటకంలోని డోలు కుర్రాడు అదే చోట నిలబడితే ఎంతమందిని ఆపేవాడో అని ఆలోచిస్తాను. ఆ పత్రిక కథనంలో నన్ను వెంటాడే సంగతి మరొకటి ఉంది. అటుగా వెళ్లిన ప్రతి పసిపిల్లా, పిల్లవాడూ ఆగి చూడాలని ప్రయత్నించారట, ప్రతిసారీ పెద్దవాళ్లు లాక్కుపోయారట. నేను చూసిన రెండు ప్రదర్శనల్లోనూ టోపీని చూసి తమంతట తాము లేచి ఎదురెళ్లింది పిల్లలే.

పోలీసు పాత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండో అంకంలో అతను వచ్చి డోలు లాక్కుంటాడు, ప్రేక్షకులు అతన్ని చూసి ఈసడించుకుంటారు, జారిపడితే విరగబడి నవ్వుతారు. తేలికైన నవ్వు అది. అతన్ని పిలిచిందెవరో నాటకం చెప్పదు. 1864లో లండన్‌లో వీధి సంగీతం మీద వచ్చిన చట్టాన్ని చూస్తే ఆ పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదనో, పనికి ఆటంకమనో, తగిన మరో కారణమో చెప్పి వీధిలో వాయించేవాడిని వెళ్లిపొమ్మనే అధికారాన్ని ఆ చట్టం ఇంటివాళ్లకే ఇచ్చింది. దాని వెనక పట్టుబట్టి పోరాడినవారిలో గణన యంత్రాల రూపకర్త చార్లెస్ బాబేజ్ ఒకరు, ఆయన లెక్కలకు వీధి వాద్యాలు పడేవి కావు. న్యూయార్క్ కథ ఇంకా చిత్రమైనది. 1936 జనవరి నుంచి అక్కడ వీధి సంగీతాన్ని నిషేధించిన మేయర్ లగార్డియా ఇటలీ వలస కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు కోతిని వెంటబెట్టుకుని, పిడి తిప్పితే పాట పలికే పెట్టెను వీధుల్లో వాయించే ఒక ఇటలీవాడు వాళ్ల ఊరికి వస్తే, నీ కోతి ఏదిరా అని తోటి పిల్లలు తనను గేలి చేశారని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. నిషేధం 1970 దాకా కొనసాగింది. మన దేశంలో 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, పాడడం, ఆడడం, జోస్యం చెప్పడం, ఏదైనా ప్రదర్శన ఇవ్వడం వంటి నెపాలతో బహిరంగ స్థలంలో డబ్బు అడిగినా, తీసుకున్నా దాన్ని భిక్షాటన కిందే లెక్కగట్టింది. ఈ చట్టంలోని శిక్షల నిబంధనలను ఢిల్లీ విషయంలో అక్కడి హైకోర్టు కొట్టివేసింది 2018లో. కిటికీ లోంచి కసురుకున్న ఇంటివాడు, చిన్నతనపు అవమానాన్ని మోసుకు తిరిగిన మేయరు, ఆటను అడుక్కోవడంగా రాసుకున్న శాసనకర్త, వీళ్లు ముగ్గురూ ప్రేక్షకులే. వాళ్ల స్పందనలు మాత్రం చప్పట్ల లెక్కలోకి రాలేదు. నాటక రచయిత పోలీసును జారిపడేలా చేసి మనందరినీ సులువుగా వదిలేశారని నా ఫిర్యాదు.

పేదరికాన్ని పాటగా అమ్ముతున్నారన్న ఆక్షేపణకు కొంత బలం ఉంది గానీ, అది ఈ నాటకంతో పుట్టింది కాదు. 1728లో లండన్ రంగస్థలం మీదికి వచ్చిన ‘ది బెగ్గర్స్ ఒపేరా’ జనం నోళ్లలో నానిన వరసలనే వాడుకుని, దొంగలనూ బిచ్చగాళ్లనూ పాడించి, మొదటి సీజన్‌లోనే 62 ప్రదర్శనలు ఆడింది. దాని ఆధారంగా సరిగ్గా 200 ఏళ్ల తర్వాత బెర్లిన్‌లో తయారైన నాటకం వీధి గాయకుడి పాటతోనే మొదలవుతుంది. అందులో ఎత్తిపొడుపులన్నీ ఏ వర్గం మీద వేశారో ఆ వర్గమే టికెట్లు కొని, ఆ పాటలు పాడుకుంటూ ఇంటికి వెళ్లింది. కాబట్టి చూసినవాళ్లు మారిపోవాలని నాటకం నుంచి ఆశించడంలో నాకు పెద్దగా నమ్మకం లేదు. అయితే ఆ నాలుగు నిమిషాల్లో మన నాటకం ఒక పని చేయగలిగింది, చీకట్లో హాయిగా కూర్చున్నవాడిని వీధిలో నిలబెట్టింది. ఇవ్వాలా, వద్దా, ఎంత ఇవ్వాలి, ఎవరైనా చూస్తున్నారా అన్న తడబాటు మనం రోజూ వీధిలో అనుభవించేదే. వీధిలోనైతే చూపు తిప్పుకుని నడిచి వెళతాం, ఇక్కడ వెళ్లడానికి దారి లేదు.

అందుకే నిర్మాతలను మీ పత్రిక ద్వారా రెండు సంగతులు అడగదలిచాను. తాడు మీద నడవడం, గారడీ చేయడం నటులకు నేర్పినవారు వీధి కళాకారులేనని పరిచయ పత్రంలో ఒక్క వాక్యం ఉంది, అదీ చివరి పుటలో, పేర్లు లేకుండా. వాళ్లలో ఎంతమందిని ఏదైనా ఒక ప్రదర్శనకు పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టారు? తమ విద్యను తామే చూస్తున్నప్పుడు వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ పెదవి విరిచారో ఎవరైనా రాసి పెట్టారా? ఇన్ని వారాల ఈ చర్చలో అటువంటి ప్రేక్షకుడి లేఖ ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. వాళ్లు రాయకపోతే ఎవరైనా వెళ్లి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి పంపితే మీరు అచ్చు వేస్తారనే అనుకుంటున్నాను.

రెండోది టోపీ గురించి. ప్రతి ప్రదర్శనలోనూ అందులో నిజమైన డబ్బు పడుతోంది. తమ్ముడు దాన్ని తెచ్చి రంగస్థలం అంచున పెడతాడు, ఆమె మిగిలిన సగం తాడు నడిచి దిగుతుంది, తెర పడుతుంది. విరామం తర్వాత తెర లేచేసరికి టోపీ ఖాళీగా ఉంటుంది. ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోందో పరిచయ పత్రంలో లేదు, ద్వారం దగ్గర అడిగితే అక్కడున్న కుర్రవాడు తనకు తెలియదన్నాడు. నిర్మాతలు జవాబు చెబితే, మూడోసారి వెళ్లినప్పుడు పక్కవాళ్ల వైపు చూడకుండా జేబులో చెయ్యి పెడతాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు