కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2024–25)

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది పనుల నివేదికను కార్యవర్గం తరఫున సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. వినాయక చవితి పందిరి, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. పందిరికి కరెంటు ఇచ్చిన నాలుగో లైన్ వారికి, తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపిన మహిళా సభ్యులకు, సామాన్లు మోయడానికి వ్యాను ఇచ్చిన టిఫిన్ సెంటర్ యజమానికి, పార్కు కుళాయి బాగుచేసి డబ్బులు వద్దన్న ప్లంబర్‌కు సంఘం కృతజ్ఞతలు.

ఈసారి గర్వంగా చెప్పుకోవలసింది మాత్రం చిమ్మట (మాత్) సంగతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన చెట్లన్నీ పడగొట్టాక పార్కు చుట్టూ గన్నేరు, నందివర్ధనం నాటుకున్నాం. మొన్న జూలైలో ఆ కంచె ఆకులు రాత్రికి రాత్రే మాయమవడం మొదలైంది. వెళ్లి చూస్తే వేలెడు పొడవున పచ్చటి గొంగళిపురుగులు. తల వెనక కళ్లలాంటి రెండు నీలి మచ్చలు, తోక దగ్గర పసుపు కొమ్ము. కుడితే ప్రాణం పోతుందని వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్. వెంటనే మందు కొట్టించమని కొందరు పట్టుబట్టారు.

అదే వారం ఐదో లైన్‌లో ఒకరింటి గేటు లైటు కింద అరచేయంత చిమ్మట వాలింది. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, తెలుపు, గులాబీ రంగులు అలల్లా కలిసిన రెక్కలు. డిగ్రీలో జువాలజీ చదువుతున్న ఆ ఇంటి అమ్మాయి దాన్ని ముట్టుకోకుండా పైనుంచి, పక్కనుంచి ఫొటోలు తీసి, జీవుల ఫొటోలు చూసి పేరు గుర్తించే వెబ్‌సైట్ అయిన ఐనాచురలిస్ట్‌లో పెట్టింది. ఇది డాఫ్నిస్ నీరియైయా, దాన్నే పోలిన మరో చిమ్మట జాతి డాఫ్నిస్ హైపోథసా అన్న దగ్గర కాసేపు తర్జనభర్జన జరిగింది. రెండోదానికి ముందు రెక్క కొసన చిన్న తెల్ల చుక్క ఉంటుంది. ఫొటో ఎంత పెద్దది చేసి చూసినా మనదానికి అది లేదు. రెక్క మొదట్లో లేత మచ్చ, దాని మధ్య ముదురు చుక్క స్పష్టంగా ఉన్నాయి. అంటే ఇది మొదటిదే, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1758లోనే వర్ణించిన ఓలియాండర్ (గన్నేరు) హాక్ మాత్. కంచెలోని పురుగులు దీని పిల్లలే.

ఆ కొమ్ము కుట్టదు. నీలి కళ్లు పిట్టలను బెదిరించడానికే. మనకు విషమైన గన్నేరు ఆకే దానికి తిండి. బాగా ఎదిగాక రంగు ముదిరి, కిందికి దిగి, ఎండాకుల్లో ప్యూపాగా (చిమ్మట అయ్యే ముందరి దశ) మారుతుంది. ఈ సంగతులన్నీ ఆ అమ్మాయి పార్కులో నిలబడి పెద్దవాళ్లకు ఓపికగా చెప్పింది. మందు ఆపాం. వానలకు కంచె మళ్లీ చిగురించింది. సంఘం ఆమెను ఈ సభలో శాలువాతో సత్కరిస్తుంది.

చిమ్మటలను గమనించడానికి 2012లో అమెరికాలో మొదలైన మాత్ వారం ఏటా జూలై ఆఖర్లో వస్తుంది. ఆ ఉత్సాహంతోనే మనమూ ఒక రాత్రి పార్కులో చిమ్మటలు వచ్చి వాలేలా తెల్ల దుప్పటి కట్టి బల్బు వెలిగించాం. కంబాలకొండ అడవి ఇంత దగ్గర్లో ఉండి కూడా ఇన్నాళ్లూ ఈ పని చేయకపోవడం ఆశ్చర్యమే. పిల్లలు పది దాటినా దుప్పటి ముందు నుంచి కదల్లేదు. పేర్లిచ్చిన పెద్దల్లో సగం మంది మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు కూడా. ఇది బాధతోనే రాస్తున్నాను. ఆ రాత్రి దోమల మందు పొగ (ఫాగింగ్) వద్దని ముందే రాతపూర్వకంగా కోరినా మిషన్ సరిగ్గా పార్కు గేటు దగ్గరికే వచ్చింది. తర్వాత రాసిన ఉత్తరాలకు ఇప్పటికీ జవాబు లేదు. నకళ్లు ఫైల్లో ఉన్నాయి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిటర్ సంతకం అయింది. బకాయిదారులు దయచేసి చెల్లించాలి.

ఆమోదం కోసం ఒక తీర్మానం: కార్యవర్గాన్ని అడగకుండా గన్నేరు కంచెకు ఎవరూ మందు కొట్టించకూడదు, దాని కింద రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకూడదు. వచ్చే జూలైకి దుప్పటి, బల్బు, వైరు సంఘం గదిలో సిద్ధంగా ఉన్నాయి. తప్పకుండా రాగలిగినవారే పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి