‘ఎం’ సైజు అంటే ఎన్ని అంగుళాలు?

సంపాదకులు గారికి,

సైజు సరిగా చూసుకోకుండా బట్టలు కొని, ఆనక సరిపోలేదని తిప్పి పంపే వాళ్ల వల్లే ఆన్‌లైన్ వ్యాపారం నష్టపోతోందని కిందటి వారం మీ పాఠకులొకరు రాశారు. చూసుకోకుండా ఎవరూ కొనరండీ. చూసిన సైజుకీ ఇంటికొచ్చిన చొక్కాకీ పొంతన లేకపోవడమే అసలు గొడవ. నేను ఇరవై ఏళ్లకు పైగా, బట్ట కోతకు నమూనాలైన ప్యాటర్న్‌లు గీసి, ఎక్కడ ఎంత కొలత ఉండాలో చెప్పే స్పెక్ షీట్లు బ్రాండ్లకు రాసిన మనిషిని. తప్పు ఎక్కడ పుడుతుందో దగ్గరుండి చూశాను కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

కొత్తగా బ్రాండు పెట్టేవాళ్లు చాలామంది చేసే మొదటి పని, బాగా అమ్ముడుపోతున్న మరో బ్రాండు సైజు చార్టు తెచ్చి నా బల్ల మీద పెట్టడం. ‘దీన్నిబట్టి కానిచ్చేయండి మాస్టారూ’ అంటారు. ఇందులో ఉన్నవి ఒంటి కొలతలా, బట్ట కొలతలా అని అడిగితే జవాబుండదు. ఛాతీ 38 అంగుళాలున్న మనిషికి సరిగ్గా 38 అంగుళాల చొక్కా కుడితే బొత్తాలు పడతాయేమో గానీ చేతులు పైకి లేవవు. మామూలు నేతబట్టకు మూడు నాలుగు అంగుళాలైనా లూజు వదలాలి. ఒంటికి అతుక్కుని ఉండాల్సిన సాగే బట్టయితే ఒంటి కొలత కంటే తక్కువకే కోస్తాం. ఎంత వదలాలన్నది ఆ బ్రాండు తన కొనుగోలుదారుణ్ణి మనసులో పెట్టుకుని తేల్చుకోవాల్సిన సంగతి. పక్కవాడి చార్టు దించుకుంటే వాడి కొనుగోలుదారు కూడా దిగుమతి అవుతాడు.

తర్వాతి చిక్కు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్నది. ఒకసారి చొక్కా పొడవు 28 అంగుళాలని రాసి, మెడ పక్కన భుజం ఎత్తుగా ఉండే చోటు నుంచి కొలవాలని రాయడం మరిచాం. కుట్టినవాళ్లు వెనక మెడ మధ్య నుంచి కొలిచారు. లాటు మొత్తం పొడుగైపోయింది. తప్పు వాళ్లది కాదు, మా కాగితానిది. ఉతికితే కుంచించుకుపోయే బట్టల లెక్క ఇంకోటి. పొడవులో నూటికి మూడు వంతులు కుంగే బట్టకు ఉతికాక 28 అంగుళాలు మిగలాలంటే, కోసేటప్పుడు దాదాపు 29 ఉండాలి. బట్ట మారినా ప్యాటర్న్ మార్చని బ్రాండ్లున్నాయి. కిందటేడు సరిపోయిన సైజు ఈ ఏడు పట్టకపోతే మనం లావయ్యామనుకుని దిగులు పడతాం.

మీ పాఠకులకు బహుశా ఎవరూ చెప్పని మాట టాలరెన్స్. వందల పొరలు పేర్చి కోసి, పదుల చేతుల మీదుగా కుట్టే బట్టలో వెంట్రుకవాసి తేడా లేకుండా రావడం జరగని పని. అందుకే ఇంత అటూ ఇటూ అయినా ఫర్వాలేదని స్పెక్ షీట్‌లోనే ఒక వరుస రాస్తాం. ఎం (మీడియం) చొక్కా ఛాతీ 42, ఎల్ (లార్జ్) 44, టాలరెన్స్ అర అంగుళం అనుకోండి. పాసైన ఎం చొక్కాల్లో 41.5 ఉండొచ్చు, 42.5 ఉండొచ్చు. తొందరలో ఎవరైనా ఆ అర అంగుళాన్ని ఒక అంగుళం చేశారా, 43 ఉన్న ఎం, 43 ఉన్న ఎల్ రెండూ చెకింగ్ దాటి బయటికొస్తాయి. పేర్లే వేరు, చొక్కా ఒకటే!

పెద్ద సైజుల వాళ్లకు జరిగేది మరీ అన్యాయం. ఒక్క ఎం సైజు శాంపిల్‌ను ఒక్క మోడల్ ఒంటి మీద సరిచూసి, మిగతావన్నీ అదే లెక్కన పెంచుకుంటూ పోతారు. ఛాతీ, నడుము పెరిగినంతగా మనిషి భుజాల ఎముకలు పెరగవు. అందుకే ఆ చొక్కాల భుజాలు మోచేతుల వైపు జారుతుంటాయి. పెద్ద సైజులకు విడిగా ఇంకో మనిషికి తొడిగి, విడిగా ప్యాటర్న్ సరిచేస్తే ఇది తీరుతుంది. దానికి ఇంకో శాంపిల్ ఖర్చు, ఇంకో వారం పడతాయి. సైజులు మాత్రం ‘అందరికీ’ అని ప్రకటనలో రాసుకుంటారు.

సర్కారు ఒక పట్టిక వేసి అందరూ ఇదే పాటించాలంటే సరిపోతుంది కదా అంటారేమో. అమెరికా అలాంటి పట్టిక వేసి చూసింది, తప్పనిసరి మాత్రం చేయలేదు. 1939, 1940ల్లో దాదాపు 15,000 మంది స్త్రీలను ఒంటి మీద 59 చోట్ల కొలిచారు. తెల్లజాతి కాని స్త్రీల కొలతలను తుది లెక్కలో కలపలేదు. 1958లో స్త్రీల సైజులకు ప్రమాణం వచ్చింది, 1983లో దాన్ని ఉపసంహరించారు. ఈలోగా లేబుల్ మీద చిన్న సైజు అంకె చూస్తే కొనేవాళ్లు సంతోషిస్తారని కంపెనీలు కనిపెట్టాయి, బట్ట నడుము పెద్దదవుతున్నా సైజు అంకె మాత్రం చిన్నదవుతూ పోయింది.

కాబట్టి అన్ని బ్రాండ్ల ఎం ఒకేలా ఉండాలని నేనడగను. ఎవరి కోసం కుడుతున్నారో ఎంచుకునే హక్కు బ్రాండుకుంది. ఆ ఎంచుకున్నది దాచొద్దంటున్నానంతే. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13402 లేబుల్ మీద చిన్న మనిషి బొమ్మ వేసి, ఆ బట్ట ఏ ఒంటికో సెంటీమీటర్లలో చూపమంటుంది. అక్కడ పిల్లల బట్టల మీద 104, 110, 116 అని ఉంటాయి. అవి పిల్లల ఎత్తులు, గోడకు ఆనించి కొలుచుకుంటే చాలు. జపాన్‌లో ఆడవాళ్ల 9ఏఆర్ సైజులో 9 ఛాతీకి, ఏ ఒంటి తీరుకు, ఆర్ ఎత్తుకు గుర్తులు. ఒంటిని ఎక్కడ, ఎలా కొలవాలో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8559 విడమరిచి చెబుతుంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

అమ్మే చోట రెండు వరుసలు తప్పనిసరి చేయాలి: ఈ బట్ట ఏ ఒంటి కొలతకు, బట్ట కొలత ఎంత. పక్కనే టాలరెన్స్ కూడా వేస్తే ఇంకా మంచిది, దానికి కంపెనీలు సులువుగా ఒప్పుకోవని తెలిసే అంటున్నాను. ఇక మెడ దగ్గర కుట్టే గుడ్డముక్క సంగతి. ఉతకడానికి, ఆరేయడానికి, ఇస్త్రీకి నాలుగైదు గుర్తులు దాని మీద పడుతున్నాయి. ఛాతీ, ఎత్తు, ఈ రెండు అంకెలకే చోటు చాలదా?

ఇట్లు,
ఒక ప్యాటర్న్ మాస్టర్