ఫ్లూ జ్వరానికి అజిత్రోమైసిన్ ఎందుకు?

సంపాదకునికి,

చలి మొదలైతే మా దేవరకొండలో ఇంటికొకరు దగ్గుతుంటారు. మొన్న మా ఆయనకు జ్వరం, ఒళ్లు నొప్పులని మెడికల్ షాపుకు వెళితే చీటీ అడగకుండానే అజిత్రోమైసిన్ చేతిలో పెట్టారు. అది బ్యాక్టీరియా మందు. జలుబు, ఫ్లూ తెచ్చేవి వైరస్‌లు. వాటిని అదేం చేయలేదు.

ఫ్లూకి వేరే మందుంది, ఒసెల్టామివిర్. దాన్ని అమ్మే పేరు టామిఫ్లూ అంటే 2009 నాటి స్వైన్ ఫ్లూ రోజులు గుర్తొస్తాయి. వైరస్ మన కణంలో దూరి, ఆ కణం సరంజామాతోనే తన నకళ్లు చేయించుకుంటుంది. ఆ కొత్త వైరస్‌లు కణం పైపొరకు అతుక్కుని ఉంటాయి. ఆ అతుకును కోసే కత్తెర న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్. మందు ఆ కత్తెరను కదలనివ్వదు. వైరస్ చావదు, పక్క కణాలకు పాకడం తగ్గుతుంది. అందుకే లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే ఫలితం ఎక్కువ. అప్పుడైనా ఆరోగ్యవంతులకు జబ్బు ఒక రోజు ముందు తగ్గుతుందేమో, అంతే. మహిమేమీ కాదు. మామూలు జలుబుకూ, కోవిడ్‌కూ ఇది పనికిరాదు.

కానీ గర్భిణులు, ముసలివాళ్లు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ రెండు రోజులే కీలకం. మా దగ్గరేమో సూదులు, సెలైన్లతో నాలుగు రోజులు గడిపి, ఆయాసం వచ్చాక నల్లగొండ పెద్దాసుపత్రికి బయలుదేరతారు. అప్పుడు కూడా డాక్టర్లు ఈ మందు ఇస్తారు, కానీ మంచి సమయం దాటిపోయి ఉంటుంది.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఈ 48 గంటల సంగతి రాయించాలి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపులను అధికారులు తనిఖీ చేయాలి.

– ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్లగొండ జిల్లా