అమ్మ నరాల నొప్పిలో తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

సర్పి వచ్చి తగ్గాక కూడా అమ్మకి పక్కటెముకల దగ్గర మంట, పోట్లు వదల్లేదు. పొక్కులు మాని నెలలు గడిచినా, ఆ చోట బట్ట తగిలితే చాలు విలవిల్లాడేది. మామూలు నొప్పి బిళ్లలకి లొంగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లలో కొందరు "పైకేం కనిపించట్లేదు కదా, అంతా మనసులోనే ఉంది" అనేవాళ్లు. అలాంటప్పుడు న్యూరాలజిస్టు గారు అమిట్రిప్టిలిన్ రాశారు. అది డిప్రెషన్‌కి వాడే మందని తెలియగానే అమ్మ మొహం మాడిపోయింది. "అయితే ఈయన కూడా నాకు పిచ్చనే అనుకుంటున్నారా?" అంది.

ముందుగా ఆ డాక్టరు గారికి నమస్కారాలు. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ఆవిడని కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. "పుండు మానింది గానీ నరం దెబ్బతింది తల్లీ, అందుకే అది ఉత్తినే నొప్పి కబుర్లు పంపుతోంది. వాటిని వెన్నుపాము దగ్గరే అణిచే ఏర్పాటు మన ఒంట్లోనే ఉంది. నోరాడ్రినలిన్, సెరటోనిన్ అని నరాల మధ్య కబుర్లు మోసే రసాయనాలు అక్కడ ఎక్కువసేపు నిలిస్తే దానికి బలం వస్తుంది. ఈ మందు చేసే పని అదే. దిగులు లేనివాళ్లకీ పనిచేస్తుంది" అన్నారు. నరాల నొప్పికి ఇలాంటి మందులు వాడటం 1960ల నుంచీ ఉందట. నొప్పి నిజమైనదేనని ఒక డాక్టరు నోట విన్నాక అమ్మ సగం తేరుకుంది.

ఆశలు పెంచనందుకు కూడా ఆయనకి థాంక్స్. అందరికీ పనిచేయదనీ, పనిచేసినా సగానికి తగ్గితే మంచి ఫలితమే అనుకోవాలనీ, అది తెలియడానికే కొన్ని వారాలు పడుతుందనీ ముందే చెప్పారు. ఈసీజీ తీయించి, కంట్లో ప్రెషర్ ఉందా, మూత్రం సాఫీగా వస్తోందా అని అడిగాకే రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. డిప్రెషన్‌కి వాడే డోసు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

మందుల షాపులో ఫార్మసిస్టు అమ్మాయిని మర్చిపోలేను. పాత చీటీలో ట్రమడాల్ అనే నొప్పి మందు చూసి, "రెండూ కలిపితే సెరటోనిన్ మరీ పెరగొచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టరు గారిని అడిగి రండి" అని ఆపింది. ఆయన ట్రమడాల్ తీసేశారు. అడగకుండా ఇచ్చేసే షాపులే ఎక్కువ కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా.

షుగర్ వల్ల అరికాళ్ల మంటకి డులోక్సెటిన్ అనే ఇలాంటి మందే వాడుతున్న మా పెదనాన్న గారు, మొదట్లో తనకి ఎంత వికారంగా ఉండేదో, తర్వాత ఎలా సర్దుకుందో అమ్మకి ఫోన్లో చెప్పారు. మేం చెబితే విననిది ఆయన చెబితే విన్నది! నోరు ఎండిపోవడం, మలబద్ధకం, పొద్దున్నే మత్తు అమ్మకీ వచ్చాయి. రాత్రి లేస్తే తూలుతుందని మా మరదలు పక్కనే పడుకునేది. రోజూ నొప్పి పదికి ఎంతో అడిగి పుస్తకంలో రాసిందీ తనే. డాక్టరు గారు డోసు పెంచింది ఆ పుస్తకం చూసే.

ఇప్పుడు అమ్మకి నొప్పి ఉంది, నిద్ర కూడా ఉంది. ఒకప్పుడు ఎనిమిది చెప్పేది, ఈ మధ్య మూడు, నాలుగు అంటోంది. బాగుంది కదా అని మందు ఒక్కసారిగా మానొద్దని, కొన్నాళ్లు ఇలాగే నిలిస్తే తనే మెల్లగా తగ్గిస్తానని డాక్టరు గారు అన్నారు. వచ్చే నెల మళ్లీ చూపించాలి.