మిశ్రచాపును డిజిటల్ ల్యాబ్‌కు రానివ్వండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

2020 జాతీయ విద్యా విధానం వచ్చాక ఇంజినీరింగ్ చదువుల్లో ‘భారతీయ జ్ఞాన పరంపర’ అన్న మాట తరచుగా వినబడుతోంది. సంతోషమే. కానీ చాలాచోట్ల అది విడి సబ్జెక్టుగానే ఉండిపోతోంది. మన పూర్వీకుల గొప్పతనం మీద నాలుగు పాఠాలు, చివర ఒక పరీక్ష, అంతటితో సరి. నేను డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెబుతాను, మృదంగం వాయిస్తాను. ఆ పాఠాల్లో కొన్ని గంటలైనా ల్యాబ్‌కు ఇచ్చి, కర్ణాటక సంగీతంలోని లెక్కను పిల్లల చేతే సర్క్యూట్‌గా కట్టించాలని నా విన్నపం.

మేళకర్తల, అంటే ఇతర రాగాలకు మూలమైన రాగాల సంగతి చూడండి. 17వ శతాబ్దంలో సంగీత శాస్త్రకారుడు వేంకటమఖి ‘చతుర్దండీ ప్రకాశిక’లో చూపిన పద్ధతి ఇది. షడ్జ పంచమాలు కదలవు. మధ్యమాలు రెండు. రిషభాలు మూడు, గాంధారాలు మూడు కనుక జతలు తొమ్మిది రావాలి. కానీ రిషభం గాంధారం కంటే కిందే ఉండాలన్న నియమం వల్ల ఆరే నిలుస్తాయి. ధైవత నిషాదాలదీ అదే లెక్క. ఆరు ఆర్ల ముప్పై ఆరు, మధ్యమాలు రెండు కనుక 2×6×6, అంటే 72. సర్క్యూట్ కట్టేవాడికి ఇందులో మధ్యమం ఒక బిట్, అంటే 0 లేదా 1. ఆరు జతలకు మూడు బిట్లు కావాలి. మూడు బిట్లకు ఎనిమిది స్థితులుంటాయి గనుక మిగిలిన రెండూ ‘డోంట్ కేర్’లు, అంటే ఎప్పుడూ రావు గనుక పట్టించుకోనక్కర్లేని స్థితులు. మేళకర్తల వరసలో ధీరశంకరాభరణం 29, మేచకల్యాణి 65. తేడా 36. మధ్యమం బిట్ ఒక్కటే మారింది, తక్కిన స్వరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతిలో ధ 9, ర 2, తిరగేస్తే 29. మ 5, చ 6, తిరగేస్తే 65. రాగం పేరు నుంచి సంఖ్య, సంఖ్య నుంచి స్వరాలు వచ్చే ఈ ఏర్పాటు ముందు ఉంటే డీకోడర్ (సంకేతాన్ని విప్పే సర్క్యూట్) గురించి వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది తాళం. మిశ్రచాపు తాళానికి ఏడు అక్షరాలు, అంటే ఏడు లెక్కలు, తకిట తకధిమి. ల్యాబ్‌లో ఏడుకు కౌంటర్ (క్లాక్ దెబ్బలను లెక్కపెట్టే సర్క్యూట్) కట్టమంటే చాలామంది విద్యార్థులు ఒక్కో బిట్‌ను నిలిపి ఉంచే ఫ్లిప్‌ఫ్లాపులు మూడు తీసుకుని, 111 (అంటే ఏడు) రాగానే నాండ్ గేటుతో క్లియర్ చేసి సున్నాకు తెచ్చేస్తారు. లెక్క సున్నా నుంచి ఆరు వరకూ బాగానే నడుస్తుంది. ఆసిలోస్కోప్‌లో చూస్తే మాత్రం ఆరుకూ సున్నాకూ నడుమ సన్నటి గీతలా ఆ 111 కనబడుతుంది. ఆ అవుట్‌పుట్‌తో ఇంకో సర్క్యూట్ నడుస్తుంటే అది లేని అక్షరాన్ని కూడా లెక్కపెట్టేయవచ్చు. ఫ్లిప్‌ఫ్లాపులన్నీ ఒకే క్లాక్ దెబ్బకు మారే సింక్రనస్ కౌంటర్‌లో ఈ చిక్కు రాదు. ఆరు దగ్గర ఉండగానే తర్వాతి క్లాక్‌కు సున్నా సిద్ధంగా ఉంటుంది. మృదంగం వాయించేవాడు చేసేదీ ఇదే. సమం (తాళం మొదలయ్యే దెబ్బ) దాటిపోయాక చూసుకుని వెనక్కి రాడు. ఎనిమిది అక్షరాల ఆదితాళం చతురశ్ర గతిలో, అంటే అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున, ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) 32 మాత్రలు. ఏడేసి మాత్రల జతి (మృదంగ శబ్దాల వరస) మూడుసార్లు, నడుమ రెండేసి మాత్రల విరామం రెండుసార్లు వస్తే ముక్తాయింపు, అంటే ముగింపు వరస, 25 మాత్రలు. సమం నుంచి ఏడు మాత్రలు వదిలి ఎత్తుకుంటేనే మళ్లీ సమంలో పడుతుంది. కౌంటర్‌కు ప్రీసెట్ విలువ (లెక్క ఎక్కడి నుంచి మొదలవ్వాలో) ఇవ్వడమంటే ఏమిటో నేను క్లాసులో ఈ ముక్తాయింపు వాయించే చెబుతాను. సరళీ స్వరాల మూడు కాలాలూ, అంటే ఒకదానికొకటి రెట్టింపయ్యే వేగాలూ అంతే. మూడో కాలాన్ని క్లాక్ అనుకుంటే, వేగాన్ని సగం చేసే ఒక ఫ్లిప్‌ఫ్లాప్ దాటాక రెండో కాలం, ఇంకొకటి దాటాక మొదటి కాలం.

ఇంత చెప్పినా, కంప్యూటర్‌ను మనవాళ్లే కనిపెట్టారని పిల్లలకు బోధించవద్దని కూడా అంతే గట్టిగా కోరుతున్నాను. గురులఘువుల ప్రస్తారం పింగళుడి ఛందశ్శాస్త్రం నాటిది. రెండే గుర్తులతో అన్ని అమరికలూ వరసగా రాబట్టడం నిజంగా పెద్ద ఆలోచన. అయితే స్విచ్‌లకు తర్కాన్ని ముడిపెట్టింది 1937లో అమెరికన్ ఇంజినీర్ క్లాడ్ షానన్, అందుకు ఆధారమైన బీజగణితం గణితజ్ఞుడు జార్జ్ బూల్‌ది. ఎవరి పని వారికి దక్కాలి. సంగీతంలో బిట్లకు లొంగనిదీ చాలా ఉంది. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, గమకంలోనే (స్వరాన్ని ఊపే తీరులోనే) దాని ప్రాణం. స్వరస్థానాల సంఖ్యలు రాసిచ్చినంత మాత్రాన తోడి రాదు. అది కూడా అదే ల్యాబ్‌లో తెలియాలి, ఎడతెగక మారే అనలాగ్ సంకేతాన్ని శాంపిల్ చేయడం (అక్కడక్కడ కొలిచి సంఖ్యలుగా మార్చడం) అనే పాఠం దగ్గర.

కేంద్రం 2021 డిసెంబర్‌లో సెమీకండక్టర్ల కోసం 76,000 కోట్ల రూపాయల కార్యక్రమం ప్రకటించింది. చిప్ డిజైన్‌కు వేల మంది కావాలంటున్నారు. క్లాక్‌ను పుస్తకంలో బొమ్మగా చూసినవాడికీ, చేత్తో తాళం వేసి చూసినవాడికీ టైమింగ్ పట్టుబడటంలో తేడా నేను రోజూ చూస్తున్నాను.

ఇందుకు కొత్త పరికరాలు అక్కర్లేదు. కౌంటర్ ప్రయోగం ఇప్పటికే సిలబస్‌లో ఉంది. సిలబస్ రూపొందించే విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ వారు వచ్చే విద్యా సంవత్సరం అందులో పది లెక్కించే కౌంటర్ బదులు ఏడు, అయిదు లెక్కించేవి పెట్టి, మిశ్రచాపు, ఖండచాపు అని పేర్లు రాసి, దగ్గరలోని సంగీత కళాశాల నుంచి ఒక మృదంగం అధ్యాపకుణ్ణి ఆ పూటకు ల్యాబ్‌కు పిలిస్తే చాలు.

ఇట్లు,
ఒక డిజిటల్ ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు