సరుగుడు కట్టెల లోడు: ఆదివారం వస్తోంది

వీధిలో అందరికీ నమస్కారం.

సోంపేట వైపు తోటలో సరుగుడు కొడుతున్నారు. మనమంతా కలిసి రెండు ట్రాక్టర్ల దుంగలు తీసుకుందామని మాట్లాడాను. ఆదివారం ఉదయం 7 గంటలకు రామాలయం దగ్గర దింపుతారు.

ఎవరికెంత కావాలో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. అడ్వాన్సు 500, మిగతాది కాటా అయ్యాక. ట్రాక్టరు కిరాయి ఎవరి బరువును బట్టి వాళ్లకే పడుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇవి పచ్చి కట్టెలు. ఆరితే బరువు బాగా తగ్గుతుంది, అది మోసం కాదు. పచ్చివి పొయ్యిలో పెడితే పొగ తప్ప మంట రాదు. దుంగలు చీల్చి, కింద ఇటుకలు పెట్టి, గాలి ఆడేలా పేర్చండి. వానలు మొదలయ్యేలోగా ఈ ఎండల్లో ఆరబెట్టాలి. పైన మాత్రమే టార్పాలిన్ కప్పండి, పక్కలు మూయకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా ఇంట్లో కట్టెల పొయ్యే ఆదుకుంది. అందుకే ఇంతగా చెప్తున్నాను.

గొడ్డళ్లు ఉన్నవాళ్లు తీసుకురండి. పెద్దవాళ్లు మొయ్యక్కర్లేదు, కుర్రాళ్లు ఇంటికి చేరుస్తారు. పిల్లల్ని మాత్రం ట్రాక్టరు దగ్గరకి రానివ్వకండి.

మళ్లీ చెప్తున్నా, పేరు శుక్రవారంలోగా!