సేఫ్టీ బటన్ నొక్కితే ఎవరూ పలకలేదు, ఇప్పటికీ పలకడం లేదు

కస్టమర్ కేర్ హెడ్ గారికి, గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ క్యాబ్‌లో రాత్రి ప్రయాణంలో సేఫ్టీ బటన్ నొక్కినా ఎవరూ స్పందించకపోవడం, ఆ తర్వాత నా ఫిర్యాదును నాతో మాట్లాడకుండానే మూసేయడం గురించి.

నమస్కారం.

ఈ విషయం మీ యాప్‌లో చెప్పాను, చాట్‌లో చెప్పాను, ఫోన్‌లో చెప్పాను, మెయిల్ పెట్టాను. అన్నిచోట్లా చివరికి వచ్చిన జవాబు ఒకటే: "మీ సమస్య పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారు, ఏం చేశారు అని అడిగితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దీన్నైనా ఒక మనిషి తెరిచి చివరిదాకా చదవాలి.

నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. సెకండ్ షిఫ్ట్ ఉన్న రోజు హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి రాత్రి పది దాటుతుంది. వార్డులో ఎవరికైనా సీరియస్ అయితే పదకొండు కూడా అవుతుంది. మారతహళ్ళిలో పీజీకి చేరాలి. ఆ వేళ ఒంటరిగా బస్టాపులో నిలబడలేకనే మీ క్యాబ్ ఎక్కుతున్నాను.

ఆ రాత్రి జరిగింది మీ రికార్డులో ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. యాప్‌లో ఫోటో ఒకరిది, స్టీరింగ్ ముందు కూర్చున్నది ఇంకొకరు. బండి కదిలాక అద్దంలో మొహం చూసి అడిగితే "అన్న బండి మేడం, ఇవాళ నేనొచ్చా" అన్నాడు. వర్తూరు కోడి దగ్గర కుండలహళ్ళి వైపు తిరగాల్సిన బండి వర్తూరు చెరువు వైపు పోయింది. "షార్ట్‌కట్" అన్నాడు. మారతహళ్ళికి అటు షార్ట్‌కట్ ఏదీ లేదు. ఆపమంటే ఆపలేదు. డోర్ లాగి చూశాను, లోపలినుంచి తెరుచుకోలేదు. అప్పుడు మీ యాప్‌లో ఎర్ర బటన్ నొక్కాను.

"మీరు సురక్షితంగా ఉన్నారా?" అని తెర మీద ప్రశ్న వచ్చింది. "కాదు" అని నొక్కాను. "మా సేఫ్టీ బృందం త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తుంది" అన్న వాక్యం, దాని కింద గుండ్రంగా తిరిగే చిన్న గుర్తు. అది తిరుగుతూనే ఉంది. బయట లైట్లు లేవు, చెరువు కంపు ఏసీలోంచి లోపలికి వస్తోంది, నేను మీ ఫోన్ కోసం ఆ గుర్తునే చూస్తూ కూర్చున్నాను. మీ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. డ్యూటీ దిగినప్పుడల్లా ట్రిప్ లింకు ఆమెకి పంపుతాను, నేను చేరేదాకా ఆమె పడుకోదు. "బండి వేరే దారిన పోతా ఉందేందిమ్మా?" అని అడిగింది. మదనపల్లెలో ఉన్న మా అమ్మకి బండి దారి మారిందని తెలిసింది. ఇరవై నాలుగు గంటలూ మమ్మల్ని కనిపెట్టుకుని ఉంటామని చెప్పుకునే మీ కంట్రోల్ రూముకి తెలియలేదు.

వెంటనే 112కి చేశాను. ఒకావిడ ఎత్తింది. నా వచ్చీరాని కన్నడం ఆమెకి అర్థమైంది. బండి నంబరు గట్టిగా చెప్పమంది, లైన్ వదలకుండా మాట్లాడుతూనే ఉంది. నంబరు పోలీసులకి చెప్పడం విన్నాక అతను బండి వెనక్కి తిప్పాడు. మెయిన్ రోడ్డు మీద పెట్రోలు బంకు దగ్గర బయటినుంచి డోరు తీసి నన్ను దించి వెళ్లిపోయాడు. కాసేపటికి హొయ్‌సళ పోలీసు బండి వచ్చి నన్ను పీజీ దాకా దిగబెట్టింది. మెట్లెక్కుతుండగా మీ నుంచి మొదటి మెసేజ్ వచ్చింది: "మీ ప్రయాణం ఎలా ఉంది? డ్రైవర్‌కి స్టార్లు ఇవ్వండి."

ఆ డ్రైవర్ మీద పోలీసులకి చెప్పాను, అది వాళ్లు చూసుకుంటారు. ఈ ఉత్తరం మీ మీద.

మర్నాడు ఫిర్యాదు చేద్దామని యాప్ తెరిస్తే "ఏసీ వేయలేదు", "ఎక్కువ డబ్బులు అడిగాడు", "బండి శుభ్రంగా లేదు", "దారి మార్చాడు" అని ఉన్నాయి. ఫోటోలో ఉన్న మనిషి రాలేదని చెప్పడానికి చోటు లేదు. బటన్ నొక్కితే ఎవరూ పలకలేదని చెప్పడానికి అంతకన్నా లేదు. మీ సేఫ్టీ నంబరు ప్రయాణం నడుస్తున్నంతసేపే కనిపిస్తుంది, ముగియగానే యాప్‌లోంచి మాయమైపోతుంది. గత్యంతరం లేక "దారి మార్చాడు" నొక్కాను. మరుక్షణం నా వాలెట్‌లో కొంత డబ్బు వేసి ఫిర్యాదు మూసేశారు. నేను డబ్బు అడగలేదు. అది అలాగే ఉంది, వెనక్కి తీసుకోండి.

ఎలాగో ఫోన్‌లో ఒక ఏజెంట్ దొరికాడు. మొత్తం విన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "డ్రైవర్ మీ మీద చేయి వేశాడా మేడం?" లేదన్నాను. "అసభ్యంగా ఏమైనా మాట్లాడాడా?" లేదన్నాను. "అయితే ఇది సేఫ్టీ కిందికి రాదు మేడం, రూట్ ఇష్యూ కింద పెడతాను" అన్నాడు. ఫోన్ పట్టుకున్న చేయి వణికింది నాకు. ఏదో ఒకటి జరిగితే తప్ప నా మాట మీకు ఫిర్యాదు కాదా? జరగకముందే కాపాడమని కదా ఆ బటన్ నొక్కేది! మా వార్డులో పేషెంటు బెల్ నొక్కితే ముందు పరిగెత్తుకుంటూ మంచం దగ్గరికి వెళ్తాం, నొప్పి నిజమా కాదా అనేది ఆ తర్వాతి సంగతి. తీరా వెళ్తే మంచినీళ్లు అడిగినా సరే, తర్వాతి బెల్లుకీ అలాగే పరిగెత్తుతాం.

ఇంకొకావిడ ఆ రాత్రి బండి నడిపిన మనిషి ఫోటో పంపితేనే వెరిఫై చేయగలమంది. చీకట్లో, తాళం పడిన వెనక సీట్లో కూర్చుని నేను అతన్ని ఫోటో తీయాలట. డోరు సంగతి అడిగితే బండి యజమానితో మాట్లాడుకోమంది. ఆయన నంబరు ఇమ్మంటే ప్రైవసీ పాలసీ ప్రకారం ఇవ్వకూడదంది. వేరే ఆయన పైఅధికారికి కలుపుతానని చెప్పి పాట పెట్టి వెళ్లాడు, పాట అయిపోయి లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే మళ్లీ కొత్త గొంతు, మళ్లీ "మీ సమస్య ఏమిటో చెప్పండి మేడం". చెరువు, డోరు, ఆ చీకటి, అన్నీ ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకోవాలి. అది చెప్పుకోవడం ఎంత కష్టమో మీలో ఒక్కరికైనా తట్టిందా? ఒకసారి తెలుగబ్బాయి దొరికాడు. "అక్కా, మాది కర్నూలు. మీ బాధ అర్థమైంది గానీ నా స్క్రీన్‌లో క్లోజ్ చేయడం తప్ప వేరే ఆప్షన్ లేదక్కా" అన్నాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. అతన్ని అక్కడ కూర్చోబెట్టి ఏ అధికారమూ ఇవ్వని మీ మీద ఉంది.

మెయిల్‌కి ఎఫ్ఐఆర్ కాపీ జత చేయమని జవాబు వచ్చింది. 112 నుంచి నాకొచ్చిన మెసేజ్ పంపాను. దానికి జవాబు లేదు. కొన్నాళ్లకి "తగిన చర్య తీసుకున్నాం, ఆ డ్రైవర్ మీకు మళ్లీ రాడు" అని ఒక మెసేజ్ వచ్చింది. నమ్మాను. తర్వాత ఒక రాత్రి ఆసుపత్రి గేటు దగ్గర క్యాబ్ బుక్ చేస్తే అదే బండి నంబరు, అదే ఫోటో. నాకు కాళ్లు ఆడలేదు. సెక్యూరిటీ ఆయన్ని పక్కన నిలబెట్టుకుని క్యాన్సిల్ చేశాను. క్యాన్సిల్ చేసినందుకు మీరు నాకు ఫైన్ వేశారు. ఆ రసీదు ఈ ఉత్తరంతో జత చేశాను.

ఒకరి పేరున ఇంకొకరు బండి నడపడం చిన్న విషయమని మీ ఏజెంట్లు అనుకుంటున్నట్టున్నారు. 2005 డిసెంబరులో ఈ బెంగళూరులోనే నైట్ షిఫ్ట్‌కి వెళ్తూ ఒక కాల్ సెంటర్ ఉద్యోగిని హత్యకు గురైంది. ఆమెను ఎక్కించుకున్నది రావాల్సిన డ్రైవర్ కాదు. ఆ ఘటన తర్వాతే ఐటీ కంపెనీలు రాత్రి బండ్లలో ఎవరు నడుపుతున్నారు, ఎవరు ముందు దిగుతున్నారు అని పట్టించుకోవడం మొదలుపెట్టాయి. అదంతా ఈ ఊరు అనుభవించి నేర్చుకున్నదే. ఈ ఊళ్లో వ్యాపారం చేస్తూ మీరు మాత్రం అది తెలియనట్టే ఉన్నారు.

రూల్స్ కూడా మీకు తెలియనివి కావు. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే టాక్సీల్లో లొకేషన్ ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. అదే ఏడాది జూలై నుంచి కొత్త టాక్సీల్లో చైల్డ్ లాక్, అంటే వెనక డోరు లోపలినుంచి తెరుచుకోకుండా చేసే తాళం, ఉండకూడదు. యాప్ క్యాబ్ కంపెనీలకి కేంద్రం 2020 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇరవై నాలుగు గంటలూ పనిచేసే కంట్రోల్ రూము, రాష్ట్ర భాషలో మాట్లాడే కాల్ సెంటర్ ఉండాలని అప్పుడే చెప్పింది. నిర్భయ నిధి కింద మహిళల భద్రత కోసం పెట్టిన సేఫ్ సిటీ పథకానికి ఎంచుకున్న 8 నగరాల్లో బెంగళూరు ఒకటి. ప్రభుత్వం కెమెరాలు పెట్టింది, 112కి చేస్తే మనిషి పలికే ఏర్పాటు చేసింది. ఆ రాత్రి అది పనిచేసింది కూడా. ప్రతి రైడ్‌కీ మా దగ్గర డబ్బు తీసుకునే మీ బటనే పనిచేయలేదు. అసలు బటన్ లేకపోతే నేను మొదటి నిమిషంలోనే 112కి చేసేదాన్ని. మీ బటన్‌ని నమ్మినందుకే ఆ చీకట్లో అంతసేపు ఎదురుచూశాను. నిజంగా అవతల మనిషిని కూర్చోబెట్టండి, లేకపోతే దాన్ని తీసేసి నేరుగా 112కి కలిసేలా పెట్టండి. కాపాడతామని ఆశ పెట్టి వదిలేయకండి.

నర్సింగ్ చదివే రోజుల నుంచీ నా ఫోన్‌లో మీ యాప్ తప్ప వేరేది లేదు. వానల్లో రేటు రెట్టింపు చేసినా కట్టాను. మా ఆసుపత్రిలో కొత్తగా చేరే పిల్లలకి, కేరళ వాళ్లకి, మన చిత్తూరు, కడప వాళ్లకి, రాత్రిళ్లు ఆటో వద్దు, ఇది వేసుకోండి అని చెప్పి దగ్గరుండి వేయించింది నేనే. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పమంటారు?

నాకు కావాల్సింది ఇది. ఆ రాత్రి నేను నొక్కినప్పుడు ఆ సంకేతం ఎవరి ముందుకి వెళ్లింది, వాళ్లు ఏం చేశారు, ఏమీ చేయకపోతే ఎందుకు చేయలేదు అన్నది తేదీ, సమయంతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోటోలో ఉన్న మనిషే నడుపుతున్నాడని రాత్రి రైడ్ మొదలయ్యేటప్పుడు మీరు ఎలా సరిచూస్తున్నారో చెప్పండి. "చర్య తీసుకున్నాం" అన్నాక కూడా అదే బండి నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పండి. నా ఫిర్యాదుని రూట్ ఇష్యూ లోంచి తీసి సేఫ్టీ కింద నమోదు చేయండి. ఆ ఫైన్ రద్దు చేయండి, అది ఎన్ని రూపాయలైనా సరే.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఇప్పటిదాకా ఆ ఆఫీసర్ ఎవరో కూడా మీరు నాకు చెప్పలేదు. ఈ ఉత్తరం అందిన నెలలోపు జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, బెంగళూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉండే చోటే వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. రవాణా శాఖకి మీ లైసెన్సు మీద ఫిర్యాదు, రాష్ట్ర మహిళా కమిషన్‌కి దీని కాపీ కూడా వెళ్తాయి. మా ఆసుపత్రి యాజమాన్యంతో మాట్లాడి, సెకండ్ షిఫ్ట్ వాళ్లెవరూ మీ క్యాబ్ ఎక్కకుండా ఆసుపత్రి బండి పెట్టించే ప్రయత్నం ఇప్పటికే మొదలుపెట్టాం. నర్సులందరం సంతకాలు చేస్తున్నాం.

దయచేసి మళ్లీ ఫోన్ చేసి "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చెప్పించకండి, వాలెట్‌లో డబ్బులు వేయకండి. బాధ్యత ఉన్న అధికారి పేరుతో, సంతకంతో జవాబు పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్, స్టాఫ్ నర్సు,
మారతహళ్ళి, బెంగళూరు.

జతపరిచినవి: సేఫ్టీ బటన్ స్క్రీన్‌షాట్, 112 మెసేజ్, మీ నుంచి వచ్చిన మెయిళ్లు, క్యాన్సిలేషన్ ఫైన్ రసీదు.